కొత్త యంత్రంలో పాత ప్రోగ్రాములు: 1964 నాటి కథ

కొత్త కంప్యూటర్ కొన్నాక పాత సాఫ్ట్‌వేర్ నడవకపోతే ఎంత చిరాకో మీకు తెలుసు. ఈ తలనొప్పి ఇవాళ్టిది కాదండి. ఈ రోజు మనం 1960ల అమెరికాకి వెళ్దాం.

1959లో ఐబీఎం 1401 అనే కంప్యూటర్ తెచ్చింది. కంపెనీలు జీతాల లెక్కలు, బిల్లులు దానికే అప్పగించాయి. 1963 డిసెంబర్‌లో పోటీగా హనీవెల్ 200 వచ్చింది. దాంతోపాటు 'లిబరేటర్' అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. అది 1401 ప్రోగ్రాములను హనీవెల్‌కి తగ్గట్టు మార్చేది. ఇక ఐబీఎంకి కస్టమర్లు చేజారిపోతారన్న భయం పట్టుకుంది.

1964 ఏప్రిల్ 7న ఐబీఎం సిస్టమ్ 360ని ప్రకటించింది. చిక్కేమిటంటే, దాని ఆదేశాలు వేరు, 1401 ఆదేశాలు వేరు. పాతదాన్ని సాఫ్ట్‌వేర్‌తోనే అనుకరిస్తే మరీ నెమ్మది. అందుకని ఇంజినీర్లు ఏం చేశారంటే, మోడల్ 30లో 1401 ఆదేశాలు అర్థమయ్యేలా ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్‌లోనే ఏర్పాటు చేశారు. దీన్నే 'ఎమ్యులేషన్' అన్నారు. చివరికి పాత ప్రోగ్రాములు అసలు 1401 మీద కంటే వేగంగా నడిచాయి!

నాకు అర్థమైంది ఇదీ: కస్టమర్‌ని కట్టిపడేసేది యంత్రం కాదు, ఏళ్ల తరబడి రాసుకున్న ప్రోగ్రాములు. 2020లో ఎం1 చిప్‌తో పాటు యాపిల్ రొసెట్టా 2 ఇచ్చిందన్నా వెనకున్న లెక్క ఇదే. కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. నడుస్తున్నాయి కదా అని చాలామంది ఆ పాత ప్రోగ్రాములను తిరగరాయనే లేదు. అప్పటికి గండం గడిచింది, అప్పు మాత్రం మిగిలిపోయింది.