మెడలో లైన్ వేశాక: సెంట్రల్ క్యాథెటర్ గురించి ఇంట్లో తెలిసి ఉండాల్సినవి

'సెంట్రల్ లైన్ వేయాలి, ఇక్కడ సంతకం పెట్టండి' అని ఆస్పత్రిలో చేతికిచ్చే కాగితం ఇంగ్లీషులోనో తమిళంలోనో కన్నడంలోనో ఉంటుంది. బయట ఆ భాషలు ధారాళంగా మాట్లాడే మన పెద్దవాళ్లకు కూడా వైద్యం మాటలు వచ్చేసరికి తెలుగే కావాలి. అందుకే ఈ విషయాన్ని ఒకచోట రాసి పెడుతున్నాం.

మామూలు సెలైన్ సూది ముంజేతిలోని చిన్న నరంలో ఉంటుంది. సెంట్రల్ లైన్ అలా కాదు. మెడలోనో, కాలరు ఎముక కిందనో, గజ్జల్లోనో, మోచేతికి పైననో ఉన్న సిరలోంచి (మన వాడుకలో దీన్నీ నరమే అంటాం) ఒక సన్నని మెత్తని గొట్టాన్ని పంపుతారు. గజ్జల్లో వేసినది తప్ప మిగతావాటి కొస గుండెకు కాస్త పైన, పెద్ద సిరలో ఉంటుంది. అక్కడ రక్తం వేగంగా పారుతుంది కాబట్టి, చిన్న నరాన్ని కాల్చేసే ఘాటు మందులు కూడా వెంటనే పలచబడతాయి. కీమోథెరపీకి, బీపీ నిలబెట్టే మందులకు, డయాలిసిస్‌కు ఇది అవసరమయ్యేది అందుకే. చేతిలోంచి వేస్తే పిక్ లైన్ అంటారు. డయాలిసిస్ కోసం మెడలో వేసే తాత్కాలిక గొట్టం వేరు, చర్మం కింద కొంత దూరం నడిపి ఛాతీ మీద బయటికి తెచ్చే పర్మ్‌క్యాత్ వేరు. రెండోది నెలల తరబడి ఉంటుంది.

1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ డాక్టరు తన చేతి నరంలోంచి తన గుండెలోకే గొట్టం పంపుకుని, నడిచి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. 1956లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు అనుసరించే పద్ధతి 1953లో స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ చూపించినది. ముందు సూది గుచ్చుతారు, అందులోంచి సన్నని తీగ పంపుతారు, సూది తీసేసి తీగ మీదుగా గొట్టం జార్చుతారు, చివర తీగ లాగేస్తారు. ఆ చోట మత్తు ఇస్తారు కాబట్టి నొప్పి కంటే ఒత్తిడే ఎక్కువ తెలుస్తుంది. ఊపిరితిత్తికి సూది తగలడం, పక్కనున్న ధమని గుచ్చుకోవడం, తీగ తగిలి గుండె లయ క్షణకాలం తప్పడం దీనిలోని ప్రమాదాలు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేస్తే ఇవి బాగా తగ్గుతాయి. మెడలోనో ఛాతీలోనో వేశాక ఎక్స్‌రే తీసేది కొస ఎక్కడుందో, ఊపిరితిత్తి సరిగా ఉందో చూడటానికి.

సంతకం ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఏ వైపు వేస్తారు, అల్ట్రాసౌండ్ వాడతారా, ఎన్నాళ్లు ఉంచుతారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచన చేసే మాత్రలు వేసుకుంటుంటే అడగకపోయినా చెప్పండి.

అసలు భయపడాల్సింది ఇన్‌ఫెక్షన్‌కు. గొట్టం బయటి చివర అంటిన క్రిమికి నేరుగా రక్తంలోకి దారి ఉంటుంది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రపు ఐసీయూల్లో ఐదే ఐదు పనులు తప్పకుండా చేయించారు: చేతులు కడుక్కోవడం, రోగిని నిండుగా శుభ్రమైన గుడ్డతో కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, వీలైతే గజ్జలు వదిలేయడం, అవసరం తీరిన లైన్ వెంటనే తీసేయడం. ఈ ఇన్‌ఫెక్షన్లు మూడింట రెండు వంతుల దాకా తగ్గినట్టు 2006లో ప్రచురించారు. ఐదో పనిని ఇంటివాళ్లూ గుర్తుచేయవచ్చు. 'ఇంకా అవసరమా డాక్టర్ గారూ' అని రోజూ అడగడం తప్పు కాదు.

ఇంటికి వచ్చాక పారదర్శకమైన అంటు కట్టును సాధారణంగా వారానికోసారి, గాజు గుడ్డ కట్టును రెండు రోజులకోసారి మారుస్తారు. తడిసినా, అంచు లేచినా, రక్తం కనిపించినా ఆ రోజే మార్పించాలి. పసుపు, విభూతి, కొబ్బరినూనె ఏదీ ఆ చోట పెట్టకండి, ఎంత నమ్మకమైన చేతి మందయినా సరే. మెడలో లైన్ ఉన్నవాళ్లు నడుము కింద చెంబుతో పోసుకుని, పైభాగం తడిగుడ్డతో తుడుచుకోవాలి. తలంటు, పుష్కర స్నానం, గుండు మొక్కు లైన్ తీసేదాకా వాయిదా వేసుకోండి. సూత్రాలు, గొలుసు కట్టుకు రాసుకోకుండా చూడాలి. పిక్ లైన్ ఉన్న చేతికి బిగుతు జాకెట్టు వద్దు, ఆ చేతికి బీపీ పట్టీ వేయనివ్వకండి.

డయాలిసిస్ గొట్టం మూత డయాలిసిస్ వాళ్లు తప్ప ఎవరూ తెరవకూడదు. రక్త పరీక్షకు వచ్చినవాళ్లు 'ఇందులోంచే తీస్తా' అన్నా ఒప్పుకోవద్దు. గొట్టం లోపల గడ్డ కట్టకుండా సాధారణంగా హెపారిన్ నింపి ఉంచుతారు. అది ఒక్కసారిగా ఒంట్లోకి పోతే రక్తస్రావం కావచ్చు. మూత తెరిచేటప్పుడు నర్సుతోపాటు రోగీ మాస్కు వేసుకుని ముఖం పక్కకు తిప్పాలి.

ఉద్దానం వైపు చుట్టాలున్న బరంపురం కుటుంబాలకు డయాలిసిస్ మాట కొత్త కాదు. వాళ్లకు ఒక ముక్క: మెడ గొట్టం దారి మధ్య మజిలీ మాత్రమే. చేతిలో ఫిస్టులా చేయించినా పనికి రావడానికి వారాలు పడుతుంది. కిడ్నీ డాక్టరు సూచించినప్పుడే చేయించుకుంటే మెడలో గొట్టంతో గడిపే కాలం తగ్గుతుంది. ఫిస్టులా అనుకుంటున్న చేతికి, మామూలుగా ఎడమ చేతికి, సూదులు గుచ్చనివ్వకండి.

చలితో వణుకుతూ జ్వరం వస్తే, అందులోనూ డయాలిసిస్ మధ్యలోనో లైన్‌లోకి మందు ఎక్కించిన కాసేపటికో వస్తే, పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడొద్దు. రాత్రయినా ఆస్పత్రికి వెళ్లాలి. కౌంటరు దగ్గర చెప్పడానికి మాటలు: తమిళంలో కుళిర్ కాయ్చల్, కన్నడంలో చళి జ్వర, మరాఠీలో థండీ వాజూన్ తాప్. ఒడియాలో జ్వరాన్ని జర అంటారు. వాటితో పాటు 'సెంట్రల్ లైన్ ఉంది' అనే మాట ముందే చెప్పండి. లైన్ చుట్టూ ఎరుపు, చీము, చేయి లేదా మెడ వాపు కనిపించినా వెంటనే చూపించాలి.

గొట్టం తెగినా మూత ఊడినా గాలి లోపలికి పోయే ప్రమాదం ఉంది. తెగిన చోటుకూ ఒంటికీ మధ్య క్లాంప్ వేయండి, లేకుంటే మడిచి గట్టిగా పట్టుకోండి. ఆయాసం వస్తే తల దిగువగా ఉండేలా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. లైన్ మొత్తం ఊడి వస్తే రంధ్రం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి వదలకుండా నొక్కి, పడుకోబెట్టే తీసుకెళ్లండి. ఊడిన గొట్టాన్నీ వెంట తీసుకెళ్తే ముక్క ఏదైనా లోపల మిగిలిందా అని డాక్టరు చూస్తారు.