మాయమయ్యేది ముడతలు కాదమ్మా!



నా చిన్నతనంలో మా పిన్ని అద్దం దగ్గర తెల్లని గాజు సీసా ఒకటి ఉండేది. దాని మీద 'వానిషింగ్ క్రీమ్' అని రాసి ఉండేది. వానిష్ అంటే మాయమవడమని బాబాయిని అడిగి తెలుసుకుంది పిన్ని. ఇంకేముంది! రోజూ పడుకోబోయే ముందు కళ్ళ చివర ముడతలకు పట్టించడం, తెల్లవారగానే అద్దం ముందు నిలబడడం. మూడు సీసాలు ఖాళీ అయ్యాయి. "మాయమైంది నా జేబులో డబ్బేనే!" అని బాబాయి ఒకటే నవ్వు.

మీరు నవ్వకండి. ఆ పొరపాటు మనలో ఎవరైనా చేసేదే. అసలు సంగతేమిటంటే, మాయమయ్యేది ఆ క్రీమే! కొవ్వుల నుంచి తీసే స్టియరిక్ ఆమ్లం, కాస్త క్షారం, చాలా నీళ్ళు కలిపి దాన్ని తయారుచేస్తారు. రాయగానే నీరు ఆరిపోతుంది, మిగిలిన పల్చని పొర కంటికి కనబడదు. జిడ్డు లేదనడానికి పెట్టిన పేరది. ఇంగ్లండులో 1892లో వచ్చిన హేజలిన్ స్నో ఈ రకందే. 1919లో బొంబాయిలో పాటన్‌వాలా గారు ప్రారంభించిన అఫ్ఘాన్ స్నో కూడా అంతే. స్నో అన్నంత మాత్రాన అందులో మంచు ఉంటుందా, చెప్పండి!

ఇక రాణిగార్ల సంగతి. 1920లలో అమెరికాలో పాండ్స్ వారి ప్రకటనల్లో రుమేనియా రాణి మేరీ కనిపించింది. క్రీము రాసుకుంటే రాణిలా ఉంటామని చదువుకున్నారు ఆడవాళ్ళు. రాణిగారు కట్టెల పొయ్యి ఊదుతుందా, మిట్టమధ్యాహ్నం బట్టలు ఆరేస్తుందా? ఆ మాట ప్రకటనలో ఎక్కడుంటుంది?

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఫ్రాన్సులో 1930లలో 'థో-రేడియా' అనే క్రీము అమ్మారు. అందులో థోరియం, రేడియం ఉన్నాయని దాచకుండా గొప్పగా చెప్పుకున్నారు. ప్రకటనలో కింది నుంచి వెలుగు పడి మెరిసిపోతున్న ఒక యువతి ముఖం. పక్కనే 'డాక్టర్ ఆల్‌ఫ్రెడ్ క్యూరీ' పేరు. క్యూరీ అనగానే ఎవరు గుర్తొస్తారు? 1898లో రేడియం కనుగొన్న మేరీ క్యూరీ దంపతులే కదా! ఈ డాక్టరుగారికీ వాళ్ళకూ ఏ చుట్టరికమూ లేదు. పైగా ఏళ్ళ తరబడి ఆ కిరణాల మధ్య పనిచేసిన మేరీ క్యూరీ, రక్తం తయారుకాని జబ్బుతో 1934లో కన్నుమూసింది. అదే రోజుల్లో ఆ పదార్థమే క్రీములో కలిసి ఆడవాళ్ళ ముఖాల మీదికి ఎక్కింది.

మన దగ్గర కథ మరోలా నడిచింది. 1952లో టాటా ఆయిల్ మిల్స్ వారు 'లాక్మే' మొదలుపెట్టారు. పేరు వినగానే పారిస్ సరుకనుకుని మురిసిపోయిన వాళ్ళెందరో! నిజమే, అది డెలీబ్ అనే ఆయన 1883 నాటి సంగీత నాటకంలో నాయిక పేరు. ఆ నాయిక మన దేశపు పిల్లే. లాక్మే అంటే ఫ్రెంచి నోట పలికిన లక్ష్మి. మన లక్ష్మే సముద్రం దాటి వెళ్ళి, దొరసాని పేరుతో ఇంటికి తిరిగొచ్చిందన్న మాట.

అలంకరణ వద్దని నేననను. సీసా మీద పేరు చదివినప్పుడు ఏది మాయమవుతుందో, ఎవరి పేరు వాడుకున్నారో ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. వయసు తరువాత ముడతలకు పెద్ద కారణం ఎండ. బయటికి వెళ్ళేటప్పుడు గొడుగు మరచిపోకండి.

మా పిన్ని నాలుగో సీసా కొనలేదు. ఆ డబ్బుతో నాకు ఎర్ర రిబ్బన్లు కొనిపెట్టింది. వాటితో రెండు జడలు వేసి, అదే అద్దంలో నన్ను చూపించి ఎంత మురిసిపోయిందో! ఆ పూట తన ముడతల మాటే ఎత్తలేదు.