గుడ్డులోని కదలిక

ఇల్లందును ఆ ప్రాంతపు వారు బొగ్గుట్ట అని కూడా అంటారు. అక్కడి గని కార్మికుల పేటలో నా బాల్యం గడచినది. మా నాయనమ్మ గంపలో ఊక పోసి, గుడ్లు పేర్చి, పెట్టను పొదగవేసేది. వారం దాటిన తరువాత, చీకటి పడగానే ఒక్కొక్క గుడ్డును బ్యాటరీ లైటు వెలుగుకు అడ్డంగా పట్టి చూచేది. ఎర్రని నరాల నడుమ నల్లని మచ్చ కదిలితే దానిని తిరిగి గంపలో పెట్టేది. కదలనిది మురిగినదని పక్కకు తీసేది. "లోపల దానిని ఎవరు కదిలిస్తున్నారు?" అని నేనొకనాడు అడిగితే, "ఎవరో కదిలించుడేందిరా, అదే కదులుతది" అన్నది.

ఈ జవాబును శాస్త్రలోకం నిస్సందేహంగా అంగీకరించడానికి దాదాపు 80 సంవత్సరాలు పట్టినది. ఆ కథనే ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రాచార్యుడుగా ఉండిన విలియం ప్రేయర్, 1885లో పిండం యొక్క జీవధర్మాలను గురించి ఒక పెద్ద గ్రంథం ప్రకటించినారు. కోడిపిండం నాల్గవ రోజుకే తనంత తాను వంగి లేవడం మొదలు పెట్టును. కాని దానిని తాకినా, గుచ్చినా స్పందించడం మరికొన్ని రోజులు గడిచిన పిమ్మటనే కనబడును. అనగా చలనం ముందు, స్పర్శజ్ఞానం తరువాత. ఈ వరుస అందరూ నమ్మినదానికి పూర్తిగా విరుద్ధం. బయటి నుండి ప్రేరణ తగిలితేనే నాడీమండలం బదులు పలుకునని ఆనాటి సిద్ధాంతం. తలుపు తట్టనిదే లోపలివారు పలుకరన్నమాట. ప్రేయర్ చెప్పిన మాటను చాలాకాలం పెక్కుమంది పట్టించుకొనలేదు.

1932లో చైనా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జింగ్ యాంగ్ కువో ఒక చక్కని ఉపాయం పన్నినారు. గుడ్డు మీది పెంకును కొంత తొలగించి, లోపలి పొరకు కరిగించిన వాసెలిన్ పూయగా, ఆ పొర అద్దం వలె పారదర్శకమైనది. పిండాన్ని గంటల తరబడి చూడగలిగినారు. ఆయన చూచినది నిజమే, చెప్పిన భాష్యమే వేరు. పిండపు తల గుండె మీద వాలి ఉండును గనుక, గుండె కొట్టుకొన్నప్పుడల్లా తల ఊగును. ఆ ఊపే క్రమంగా అభ్యాసమై, పుట్టిన పిల్ల గింజలు పొడుచుకొనే నేర్పుగా మారునని ఆయన వాదం. అభిమన్యుడు గర్భంలోనే పద్మవ్యూహం సంగతి విన్నాడనే జనశ్రుతి, ప్రహ్లాదుడు నారదుని బోధ విన్నాడనే భాగవత కథ మనకు ఉండనే ఉన్నవి. కువో మన పురాణాలు చదివి ఉండరు గాని, గుడ్డులోనిది కూడా పాఠశాలయే అన్నారు.

ఈ వివాదాన్ని తీర్చిన వ్యక్తి విక్టర్ హాంబర్గర్. 1900లో పుట్టిన ఈ జర్మను యూదుడు అమెరికాలో పరిశోధన చేస్తుండగా, 1933లో నాజీ ప్రభుత్వపు చట్టం ఆయన స్వదేశపు ఉద్యోగాన్ని ఊడగొట్టినది. ఆయన అమెరికాలోనే ఉండిపోయి, సెంట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో స్థిరపడినారు. అరవైయేండ్లు దాటిన తరువాత గుడ్ల ముందు కూర్చుండి కదలికలను, విరామాలను లెక్క కట్టనారంభించినారు. పిండం కొన్ని క్షణాలు కదులును, ఆగును, మరల కదులును. 13వ రోజు ప్రాంతానికి ఈ చలనం పతాకస్థాయి నందుకొనును.

1966లో ఆయనా, సహచరులూ చేసిన శస్త్రచికిత్సను తలచుకొంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. రెండు రోజుల పిండంలో వెన్నుపామును నడుమ కొంతమేర తొలగించినారు. దానితో కాళ్ళకు మెదడు ఆజ్ఞ అందదు. కాళ్ళకు సంబంధించిన వెన్నుపాములో స్పర్శవార్తలు చేరే వెనుక సగాన్ని కూడా తీసివేసినారు. దానితో బయటి ప్రేరణా అందదు. పైనుండి ఆజ్ఞ లేదు, బయటినుండి వార్త లేదు. అయినా ఆ కాళ్ళు దాదాపు 15వ రోజు వరకు మామూలు పిండపు కాళ్ళ వలెనే కదిలినవి!

ఆ కదలికకు మూలమైన విద్యుత్తును అదే విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ప్రొవైన్ 1970ల ఆరంభంలో పట్టుకొన్నారు. వెన్నుపాములో సన్నని ఎలక్ట్రోడ్లు నిలిపి చూడగా, నాడీకణాలు గుంపుగా ఒక్కసారి విద్యుత్ స్పందనలు వెలువరించి ఊరకుండుట కనబడినది. క్యురారీ అనే మందుతో కండరాలను స్తంభింపజేసినా ఆ స్పందనలు ఆగలేదు. పెద్దవారి మెదడును శాంతపరచే గాబా అనే రసాయనం లేత నాడీకణాన్ని ఉత్తేజపరచునని 1989లో ఫ్రాన్సు పరిశోధకులు అప్పుడే పుట్టిన ఎలుకలలో చూపినారు. లేత కణంలో క్లోరైడు పాలు అధికంగా ఉండుటయే ఇందుకు కారణం. పెద్దయిన తరువాత కళ్ళెమయ్యేది చిన్ననాడు కొరడా అన్నమాట.

ఇంతకూ ఈ స్పందన దేనికి? 1962లో డ్రాక్‌మన్, కూలంబర్ అనే ఇద్దరు కోడిపిండాలకు ఒకటి రెండు రోజులు క్యురారీ ఎక్కించి కదలకుండా చేయగా, కీళ్ళు బిగిసిపోయి, పాదాలు వంకరపోయినవి. కదలడం వలననే కీలు కీలుగా ఏర్పడుచున్నది. 1988లో ఇటలీలోని పీసాలో గాలి, మఫేయి అనువారు పుట్టని ఎలుకల నేత్రపటలంలో కూడా ఇట్టి స్పందనలను కనుగొన్నారు. ఎలుకపిల్ల కన్ను తెరిచేది పుట్టిన రెండు వారాలకు. 1991లో అమెరికా పరిశోధకులు 61 ఎలక్ట్రోడ్ల పలకపై పిల్లి పిండాల, ముంగిస వంటి ఫెరెట్ జాతి కూనల నేత్రపటలాలను పరచి చూడగా, ఆ స్పందనలు చెరువు మీది అలల వలె పాకుచున్నవని తేలినది. కంటి నుండి మెదడుకు పోయే తీగలు తమ తమ స్థానాలను సరిచూచుకొనడానికి ఈ అలలే తోడ్పడుచున్నవి. వెలుగు ఎరుగని కన్ను చూపునకు సిద్ధమగుట ఇట్లు.

మానవశిశువు సంగతి చెప్పి ముగిస్తాను. గర్భంలో పిండం 7, 8 వారాలకే కదలనారంభించును. తల్లికి ఆ కదలిక తెలిసేది సాధారణంగా 18, 20 వారాల నడుమ. నెలలు నిండక పుట్టిన శిశువులు కాలో చేయో కదిపినప్పుడు, వారి మెదడులో ఆ అవయవానికి చెందిన తావున విద్యుత్తరంగాలు లేచునని 2007లో ఫ్రాన్సులో గమనించినారు. కడుపులోని బిడ్డ కదలిక అలవాటుకన్న తగ్గినట్లు తోచిన తల్లి మరునాటికి ఆగక ఆనాడే వైద్యునికి చూపుకొనవలెను. నెలలు నిండి వచ్చిన గర్భిణిని, ఇల్లందులోనైనా, అడవి పల్లెలోనైనా, నర్సమ్మ అడిగే మాట ఇదే: "బిడ్డ తిరుగుతున్నదా, అమ్మా?"