కంటి పొర, ఉప్పల్ రోడ్డులో ఒక ప్రశ్న

వనపర్తి దగ్గరి మా ఊళ్ళో శుక్లాన్ని ఎవరూ శుక్లం అనరు. "కండ్లకు పొరలొచ్చినయి" అంటారు. మా అవ్వదీ అదే మాట. పొర అంటే పైన పేరుకునేదని, తుడిస్తే పోతుందని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. నిజానికి పైన ఏమీ పేరుకోదు. కంటి కటకమే లోపల్నుంచి మసకబారుతుంది.

అదెందుకు మసకబారుతుందన్న ప్రశ్న వెంట ఏళ్ల తరబడి నడిచిన శాస్త్రవేత్త చింతలగిరి మోహన్‌రావు. ఆయన పనిచేసింది హైదరాబాదు సీసీఎంబీలో. పుష్పమిత్ర భార్గవ 1977లో మొదలుపెట్టిన ఈ సంస్థకి ఉప్పల్ రోడ్డులోని భవనం జాతికి అంకితమైంది 1987లో.

కటకం నిండా క్రిస్టలిన్ అనే ప్రొటీన్లుంటాయి. వీటిలో విచిత్రమేమిటంటే, కటకం నడిమధ్య కణాలకి కేంద్రకం ఉండదు. అంటే అక్కడ కొత్త ప్రొటీన్ తయారు కాదు. పుట్టేనాటికి ఉన్నదే చచ్చేదాకా ఉంటుంది. డెబ్బై ఏళ్లు రీస్టార్ట్ లేకుండా నడవాల్సిన సర్వర్ లాంటిదన్నమాట. ఈలోగా ఎండ, వయసు, పొగ కలిసి ఆ ప్రొటీన్ల మడతల్ని విప్పుతుంటాయి. విప్పుకున్నవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. కోడిగుడ్డు ఉడికితే నీళ్లలాంటి సొన తెల్లగా గడ్డకట్టినట్టే.

మరి చాలామందికి అరవై దాకా కళ్ళు బాగానే ఎలా కనబడుతున్నాయి? 1992లో అమెరికాలో జోసెఫ్ హార్విట్జ్ ఒక జవాబు చూపించాడు. ఆల్ఫా క్రిస్టలిన్ ఉత్త ఇటుక కాదు, కాపలాదారు కూడా. మడత విప్పుకుంటున్న ప్రొటీన్లని పట్టుకుని, గడ్డకట్టకుండా ఆపుతుంది. రెండేళ్లకి, 1994లో, మోహన్‌రావు, బి. రామన్ ఇంకో అడుగు వేశారు. ముప్పై డిగ్రీలు దాటాక ఆల్ఫా క్రిస్టలిన్ తన అమరికనే మార్చుకుంటుందనీ, అప్పుడు దాని కాపలా శక్తి బాగా పెరుగుతుందనీ చూపించారు. కాపలాదారుకి ఒకే భంగిమ లేదు, ఆపదని బట్టి మారతాడు.

1998లో రెండు వార్తలొచ్చాయి. ఆల్ఫా-ఎ క్రిస్టలిన్‌లో 116వ స్థానంలోని ఆర్జినిన్ మారిపోతే పుట్టుకతోనే శుక్లం వస్తోంది. ఆల్ఫా-బిలో దానికి సాటి అయిన 120వ స్థానంలో మారితే కండరాల జబ్బు కూడా వస్తోంది. ఆ మార్పుల్ని ఉప్పల్ రోడ్డు ల్యాబులో తయారుచేసి పరీక్షించారు. ఒక్క అమైనో ఆమ్లం మారితే ప్రొటీన్ ఆకారమూ దెబ్బతింటోంది, కాపలా గుణమూ తగ్గిపోతోంది. ఈ ఫలితం అచ్చయిన 1999లోనే మోహన్‌రావుకి భట్నాగర్ పురస్కారం వచ్చింది. తర్వాత 2009 నుంచి 2016 దాకా సీసీఎంబీ డైరెక్టరుగా ఉన్నారు.

ఇదే రోజుల్లో, 1996 నుంచి 2000 దాకా, ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ రాష్ట్రంలో 10,293 మంది కళ్ళు పరీక్షించింది. సర్వేకి ఎంచుకున్న మూడు గ్రామీణ ప్రాంతాల్లో ఒకటి మహబూబ్‌నగర్ జిల్లాలోది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పటికి ఆ జిల్లాలోవే. 2016లో విడి జిల్లాలయ్యాయి. సర్వే లెక్కన అంధత్వం 1.84 శాతం. అందులో 44 శాతానికి కారణం శుక్లాలే. అదే సర్వే పొగతాగడానికీ శుక్లానికీ సంబంధం ఉందని తేల్చింది. చుట్ట, బీడీ లేని అరుగులు మా దగ్గర ఎన్ని?

ఇక్కడే నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఆర్జినిన్ గురించి తెలిసినంత మాత్రాన అవ్వకి చూపు రాలేదు. వచ్చింది ఆపరేషన్ వల్ల, లోపల పెట్టిన కొత్త లెన్సు వల్ల. శుక్లాన్ని కరిగించే చుక్కలమందు ఈనాటికీ వైద్యంలోకి రాలేదు. మరి ఆ పరిశోధనతో ఎవరికేం ఒరిగింది అని ఎవరైనా అడిగితే కోపగించుకోలేను. నా జవాబు ఇది. గడ్డకట్టే ప్రొటీన్లు కంట్లోనే లేవు. అల్జీమర్స్‌లో, పార్కిన్సన్స్‌లో మెదడులోనూ ఉన్నాయి. మెదడుని కోసి కొత్తది పెట్టలేం. కటకం ఆ గడ్డకట్టడాన్ని నింపాదిగా చదువుకోనిచ్చే చోటు. దాని ఫలం ఎప్పటికో, ఎవరికో. దానికి ఓపికపట్టమని గుడ్డివాళ్ళయ్యే ఊరికి మాత్రం చెప్పకూడదు. అక్కడికి ముందు వెళ్ళాల్సింది ఆపరేషనే.

కట్టు విప్పాక అవ్వ డాక్టరుని అడిగిన మొదటి మాట నాకింకా గుర్తు. "తీసిన పొర ఏది సారూ, జర సూపెట్టు."