బ్రిటన్ ఆరోగ్య, సామాజిక సంరక్షణ రంగంలో ప్రాజెక్టు మేనేజర్

బ్రిటన్‌లో ‘హెల్త్ అండ్ సోషల్ కేర్’ అని ఒక్క గుక్కలో పలికే మాట వెనక రెండు వేర్వేరు వ్యవస్థలున్నాయి. వైద్యం ఎన్‌హెచ్‌ఎస్‌ది. 1948 జూలై 5న మొదలైన ఈ నేషనల్ హెల్త్ సర్వీస్‌లో చాలావరకు చికిత్సకు రోగి డబ్బు కట్టనక్కర్లేదు. ముసలివాళ్లకు, వికలాంగులకు స్నానం చేయించడం, అన్నం పెట్టడం, మందులు గుర్తుచేయడం వంటి పనులు సామాజిక సంరక్షణ కిందికి వస్తాయి. ఇది స్థానిక కౌన్సిళ్ల బాధ్యత, అదీ ఉన్నదీ లేనిదీ లెక్క చూశాకే. ఇంగ్లండ్‌లో 23,250 పౌండ్లకు మించి ఆస్తి లెక్కకు వస్తే ఖర్చు సొంతంగా పెట్టుకోవాలి. ఈ రెండు వ్యవస్థలలోనూ, ఎక్కువగా వాటి సందులోనూ, ఫలానా గడువులోగా ఫలానా మార్పు తెచ్చిపెట్టడం ప్రాజెక్టు మేనేజర్ పని.

ఆ సందు ఎలా ఉంటుందో వార్డులో నిలబడితే తెలుస్తుంది. తుంటి విరిగిన ఎనభై ఏళ్ల ఆవిడకు ఆపరేషన్ అయింది, తేరుకుంది. ఉదయం రౌండ్లో డాక్టరు ఇంటికి పంపవచ్చన్నారు. ఇక డిశ్చార్జి లెటర్ రాయాలి. ‘టీటీఓ’ అని పిలిచే ఇంటికిచ్చే మందులు ఫార్మసీ నుంచి రావాలి. బండి దొరకాలి. ఇంట్లో మరుగుదొడ్డి దగ్గర పట్టుకోవడానికి కమ్మీ బిగించాలి. రోజుకు మూడు నాలుగుసార్లు వచ్చే కేరర్‌ను కౌన్సిల్ కుదర్చాలి. వీటిలో ఒక్కటి తప్పినా ఆవిడ మరో రాత్రి అక్కడే పడుకుంటుంది. కింద ఎమర్జెన్సీలో ఇంకొకరు ఆ మంచం కోసం ట్రాలీ మీద ఎదురుచూస్తుంటారు.

ఈ ఆలస్యాన్ని ఆరు నెలల్లో తగ్గించమని అప్పగించిన ప్రాజెక్టు మేనేజర్‌కు డాక్టరును ఆజ్ఞాపించే అధికారం లేదు. ఫార్మసిస్టు మీదా లేదు. కౌన్సిల్ సోషల్ వర్కర్ జీతమే వేరే చోటినుంచి వస్తుంది. అడకత్తెరలో పోకచెక్క ఉద్యోగమిది. అందుకే పనిమంతులు ముందు కంప్యూటర్లో చార్టులు గీయరు. వారం రోజులు ఒక్కో కాగితం వెంట నడిచి, అది ఎక్కడ ఎన్ని గంటలు ఆగిందో రాసుకుంటారు. మందుల చీటీ మధ్యాహ్నం దాకా ఫార్మసీకి చేరడం లేదని తేలితే, దాన్ని ముందురోజు సాయంత్రమే రాసేలా డాక్టర్లను ఒప్పించడమే ప్రాజెక్టు అవుతుంది. వినడానికి చిన్న పని. ఒప్పించడానికి నెలలు పడుతుంది.

ఆస్పత్రులకు మేనేజర్లు అవసరమన్న వాదన 1983లో సెయిన్స్‌బరీ సూపర్‌మార్కెట్ల అధికారి రాయ్ గ్రిఫిత్స్ ఇచ్చిన నివేదికతో బలపడింది. అంతకుముందు డాక్టర్లు, నర్సులు, పాలనాధికారులు కలిసి కూర్చుని ఏకాభిప్రాయంతో నడిపేవారు. ఈ రంగంలో చేరేవాళ్లు తప్పక చదవాల్సిన పాఠం మాత్రం 2002లో మొదలైన జాతీయ ఐటీ కార్యక్రమం. ఇంగ్లండ్‌లో ప్రతి రోగి రికార్డునూ కంప్యూటర్లోకి తేవాలన్న ఆ పథకం వందల కోట్ల పౌండ్లు మింగింది. దాన్ని రద్దు చేస్తున్నట్లు 2011లో ప్రభుత్వం ప్రకటించింది. ఎక్స్‌రేలను తెరమీద చూసే విధానం వంటివి నిలబడ్డాయి. కానీ వార్డులో వాడవలసినవాళ్లను సరిగా అడగకుండా పైనుంచి కొన్న వ్యవస్థను వాళ్లచేత వాడించడం కుదరలేదు.

ఉద్యోగంలోకి దారులు చాలా ఉన్నాయి. ఎన్‌హెచ్‌ఎస్‌లో 2004 నుంచి ‘అజెండా ఫర్ చేంజ్’ అనే జీతాల నిచ్చెన అమల్లో ఉంది. ప్రాజెక్టు సపోర్ట్ ఆఫీసర్లు సాధారణంగా 4 లేదా 5వ బ్యాండ్‌లో, ప్రాజెక్టు మేనేజర్లు 6, 7లలో, ప్రోగ్రామ్ మేనేజర్లు 8లో ఉంటారు. పట్టభద్రులకు 1956 నాటి మేనేజ్‌మెంట్ శిక్షణ పథకం ఉంది, పోటీ తీవ్రం. నర్సింగ్ నుంచో ఫిజియోథెరపీ నుంచో ఇటు మళ్లేవాళ్లూ ఉన్నారు. వార్డు భాష వాళ్లకు ముందే తెలుసు కాబట్టి వాళ్ల మాట త్వరగా చెల్లుతుంది. ప్రకటనల్లో తరచు అడిగే అర్హత ప్రిన్స్2. ప్రభుత్వ కంప్యూటర్ ప్రాజెక్టుల కోసం పుట్టి, 1996లో ఈ రూపానికొచ్చిన ప్రాజెక్టు నిర్వహణ పద్ధతి ఇది. సర్టిఫికెట్ ఇంటర్వ్యూ గది దాకా తీసుకెళ్తుంది, అంతే.

హైదరాబాద్, విజయవాడల నుంచి మాస్టర్స్‌కు వెళ్లే తెలుగు విద్యార్థులు గమనించాల్సింది ఒకటుంది. ఈ పోస్టుల్లో చాలావాటికి నిర్ణీత కాలపరిమితి ఉంటుంది, వీసా నిబంధనలేమో తరచు మారుతుంటాయి. మన దేశంలో దీనికి దగ్గరగా ఉండేవి 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన జిల్లా ప్రోగ్రామ్ మేనేజ్‌మెంట్ యూనిట్ల ఉద్యోగాలు. అవీ ఎక్కువగా కాంట్రాక్టువే.

వైద్యం, సామాజిక సంరక్షణ అనే రెండు వ్యవస్థలనూ దగ్గర చేయడానికి ఇంగ్లండ్‌లో 2022 జూలై 1న 42 ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డులు ఏర్పడ్డాయి. మూడేళ్లు తిరగకముందే, 2025 మార్చిలో, వాటి నిర్వహణ ఖర్చును సగానికి తగ్గించమన్నారు. ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ అనే పర్యవేక్షక సంస్థనే రద్దు చేస్తామన్న ప్రకటన కూడా ఆ నెలలోనే వచ్చింది. ఉత్తర ఐర్లండ్‌లో మాత్రం 1973 నుంచి వైద్యం, సామాజిక సంరక్షణ ఒకే గొడుగు కింద ఉన్నాయి. అక్కడా కేరర్ కుదరక ఆస్పత్రిలో ఆగిపోయే ముసలివాళ్లున్నారు, ఆ ఆలస్యం తగ్గించడానికి ప్రాజెక్టులూ ఉన్నాయి.