మొలలనుకున్న జబ్బు

నలుగురిలో చెప్పుకోలేని ఒక జబ్బు చరిత్రను ఈ ప్రత్యేక సంచికలో వ్రాస్తున్నందుకు మన్నించగలరు.

1996లో కొత్తచెరువులో నాతో పనిచేసిన మిత్రునికి విరేచనంలో రక్తం పడేది. మొలలే అనుకున్నాం. నాటుమందు ఇచ్చేచోటికి తీసుకువెళ్ళింది నేనే. ఏడాదిన్నర తరువాత బెంగుళూరులో చూపిస్తే మలద్వారపు క్యాన్సర్ అన్నారు. అప్పటికే ముదిరిపోయింది. ఆయన దక్కలేదు. ఆ బాధతోనే దీని గురించి చదవసాగాను.

ఒకప్పుడు దీనికి కోత ఒక్కటే దారి. 1908లో లండను సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ ప్రకటించిన పద్ధతిలో మలద్వారాన్ని పూర్తిగా తొలగించి, పొట్టమీద దారి చేసి సంచి తగిలించేవారు. 1974లో అమెరికాలోని డెట్రాయిట్‌లో డాక్టర్ నార్మన్ నైగ్రో, ఆపరేషన్‌కు ముందు గడ్డ తగ్గించాలని ముగ్గురికి మందులు, రేడియేషన్ కలిపి ఇచ్చారు. ఇద్దరికి ఆపరేషన్ చేసి చూస్తే గడ్డ జాడే లేదు. మూడో రోగి ఆపరేషన్ వద్దన్నా జబ్బు కనిపించలేదు. ఆ తరువాత ఎందరికో కోత, సంచి తప్పాయి. నా మిత్రుడు జబ్బుపడేనాటికే ఈ వైద్యం వచ్చి ఇరవై రెండేళ్ళు! వేళకు వెళ్ళనిది మేమే.

ఇక కారణం. 1983లో జర్మనీకి చెందిన హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో హ్యూమన్ పాపిలోమా వైరస్ 16వ రకాన్ని కనుగొన్నది. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. మలద్వారపు క్యాన్సర్లలోనూ పదింట తొమ్మిదింటికి ఈ జాతి వైరసే మూలమని తేలింది. ఇది ముఖ్యంగా లైంగిక సంపర్కం వలన అంటుతుంది. చాలామందిలో దానంతటదే పోతుంది. హెచ్.ఐ.వి. ఉన్నవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి, పొగత్రాగేవారికి ముప్పు ఎక్కువ. మొలలు ముదిరి క్యాన్సర్‌గా మారవు.

ఈ వైరస్‌కు 2006లో టీకా వచ్చింది. మలద్వారపు క్యాన్సర్ నివారణకు కూడా 2010లో అమెరికా దాన్ని అనుమతించింది. 2009లో నాటి మన రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో బాలికలకు ఈ టీకా వేశారు గానీ, సమ్మతి సరిగా తీసుకోలేదన్న వివాదంతో మరుసటి ఏడాది ఆ కార్యక్రమం ఆగిపోయింది. 2023 నుండి మన దేశంలో తయారైన టీకా దొరుకుతున్నది. తొమ్మిదేళ్ళు దాటిన మనవలకు, మనవరాళ్ళకు వేయించే విషయం డాక్టరుగారిని అడగండి.

మన వయసువారు చేయవలసింది ఒకటే. రక్తం, నొప్పి, విడవని దురద, చేతికి తగిలే గడ్డ, గజ్జల్లో బిళ్ళలు - ఇవి కనిపిస్తే మొలలని మీరే తేల్చుకోకండి. చాలాసార్లు మొలలే కావచ్చు. కానీ ఆ మాట డాక్టరు వేలితో పరీక్షించి చెప్పాలి. ఆ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. ఆనాడు మా మిత్రుణ్ణి అక్కడికి తీసుకువెళ్ళలేకపోయాను. మీరు మీవారిని తప్పక తీసుకువెళ్ళండి.