అమెరికా సాకర్‌లో విదేశీ తారలు

సాకర్‌కు ఆదరణ పెంచేందుకు విదేశీ అగ్రశ్రేణి ఆటగాళ్లను రప్పించడం అమెరికాలో 1970ల నుంచీ ఉంది. పీలే (1975), డేవిడ్ బెకమ్ (2007), లియొనెల్ మెస్సీ (2023) రాకలు వీటిలో ముఖ్యమైనవి. ముగ్గురూ జనాన్ని మైదానానికి రప్పించారు. ఆ ఆదరణను నిలుపుకోవడం మాత్రం లీగ్ నిర్వహణ చేతిలోని పని.

పీలే, కాస్మోస్

నార్త్ అమెరికన్ సాకర్ లీగ్ 1968లో మొదలైంది. అందులో వార్నర్ కమ్యూనికేషన్స్ అండ ఉన్న న్యూయార్క్ కాస్మోస్ 1975 జూన్‌లో పీలేను తీసుకుంది. రాండల్స్ ద్వీపంలో ఆయన తొలి మ్యాచ్ నాటికి మైదానంలో సరిగా గడ్డి కూడా లేదు. టీవీలో బాగా కనబడాలని నేలకు ఆకుపచ్చ రంగు చల్లారు. రెండేళ్లు తిరిగేసరికి, 1977 ఆగస్టు 14న, జెయింట్స్ స్టేడియంలో కాస్మోస్ ఆట చూడటానికి 77,691 మంది వచ్చారు. అప్పటికి బెకెన్‌బావర్, కార్లోస్ అల్బెర్టో కూడా జట్టులో చేరారు. ఆ సెప్టెంబరులోనే కాస్మోస్ కలకత్తా వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో 2-2తో డ్రా చేసుకుంది. బగాన్ తరఫున గోల్ కొట్టిన ఇద్దరిలో హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ ఒకరు.

1977 అక్టోబరు 1న పీలే వీడ్కోలు మ్యాచ్ ఆడారు. మరుసటి ఏడాది లీగ్ 18 జట్ల నుంచి ఏకంగా 24కు పెరిగింది. కాస్మోస్‌ను చూసి, వార్నర్ వంటి దన్ను లేని క్లబ్బులూ తారలపై తాహతుకు మించి ఖర్చు పెట్టాయి. 1984లో మిగిలినవి తొమ్మిది జట్లే. ఆ సీజన్‌తో లీగ్ మూతపడింది. ఈ పతనానికి పీలేను బాధ్యుణ్ని చేయడం అన్యాయం. ఆయన తెచ్చిన జనాన్ని చూసి లీగ్ తన బలాన్ని ఎక్కువగా అంచనా వేసుకుంది.

మేజర్ లీగ్ సాకర్

1994 ప్రపంచకప్ ఆతిథ్యం కోసం ఇచ్చిన మాట ప్రకారం ఏర్పడిన ఈ లీగ్ 1996లో 10 జట్లతో ఆట మొదలుపెట్టింది. ఆటగాళ్లతో ఒప్పందాలు లీగే చేసుకుంటుంది. జట్ల జీతాలకు పరిమితి ఉంటుంది. అయినా నష్టాలు తప్పక 2001 సీజన్ తర్వాత రెండు జట్లను రద్దు చేశారు.

బెకమ్‌ను లాస్ ఏంజెలిస్ గెలాక్సీకి తేవడానికి 2007లో ఆ పరిమితిని సడలించి, జట్టుకు ఒక్క తారకు మినహాయింపునిచ్చారు. దాన్నే ‘బెకమ్ రూల్’ అంటారు. తర్వాత ఆ సంఖ్య మూడుకు పెరిగింది. ఖర్చుకు తలుపు తెరుస్తూనే గడియ చేతిలో ఉంచుకున్న ఈ ఏర్పాటే కాస్మోస్ కాలానికీ దీనికీ అసలు తేడా. గెలాక్సీ 2011, 2012 టైటిళ్లు గెలిచింది. కొత్త జట్టును 2.5 కోట్ల డాలర్లకే కొనే హక్కు బెకమ్ ఒప్పందంలో ఉంది. 2020లో ఆడటం మొదలుపెట్టిన ఇంటర్ మయామి అలా పుట్టింది. 2007లో టొరంటో కోటి డాలర్లు కట్టి లీగ్‌లో చేరితే, 2025లో 30వ జట్టుగా వచ్చిన శాన్ డియాగో ప్రవేశ రుసుము 50 కోట్ల డాలర్లు. కొత్త స్టేడియాలూ కలిసి తెచ్చిన ఈ పెరుగుదలను బెకమ్ ఒక్కడి ఖాతాలో వేయలేం.

మెస్సీ 2023 జులైలో మయామికి వచ్చాడు. పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు ఆగస్టులోనే లీగ్స్ కప్ గెలిచింది. 2024 ఏప్రిల్‌లో అతను ఆడే మ్యాచ్ కోసం కాన్సాస్ సిటీ క్లబ్ తన మైదానాన్ని వదిలి ఆరోహెడ్ స్టేడియానికి మారితే 72,610 మంది వచ్చారు. ఆపిల్ ప్రసారాలకు కొత్తగా చేరే చందాదారుల ఆదాయంలోనూ అతనికి వాటా ఇచ్చారు. 2025 అక్టోబరులో అతని ఒప్పందాన్ని 2028 సీజన్ దాకా పొడిగించారు.